గ్రేడు తెలిసింది, మరి ధర? స్లాబ్‌లోని నాణేనికి విలువ కట్టేదెలా

నిజాం కాలపు చార్మినార్ రూపాయి ఒకటి పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో సీలై ఉంటుంది. ఆ డబ్బానే సేకర్తలు స్లాబ్ అంటారు. లేబుల్ మీద హిజ్రీ సంవత్సరం, పక్కన నాణెం ఎంత బాగా నిలిచిందో చెప్పే ‘ఎమ్‌ఎస్ 63’ అన్న గ్రేడు, కింద సర్టిఫికెట్ నంబరు. ఇంత పక్కాగా రాసి ఉన్నప్పుడు ధర కూడా అంతే పక్కాగా తెలియాలి కదా అనిపిస్తుంది. తీరా వెతికితే, అమ్మకానికి పెట్టినవాళ్లు ఒక రేటు చెబుతారు. ధరల పట్టిక ఇంకొకటి చూపిస్తుంది. ఆ మధ్య వేలంలో పలికింది మరొకటి. డీలర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఇస్తానన్నది అన్నిటికంటే తక్కువ. ఈ నాలుగింటిలో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. ఎందుకంటే అవి నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

సంక్షిప్తంగా

గ్రేడింగ్ కంపెనీ తేల్చేవి రెండు విషయాలు: నాణెం అసలుదా కాదా, ఎంత బాగా నిలిచింది. ధర తేలేది అదే రకం, అదే గ్రేడు నాణేలు ఈమధ్య ఎంతకు అమ్ముడయ్యాయన్న దాన్నిబట్టి. మన దేశపు నాణేల్లో గ్రేడింగ్ అయినవి తక్కువగా కనిపిస్తే వెంటనే అరుదైనవని అనుకోకూడదు. దాని వెనుక చట్టం కూడా ఉంది. ఇంట్లో తోమి మెరిపించిన నాణెం, దండకు గుచ్చిన నాణెం గ్రేడింగ్‌కు వెళ్తే సంఖ్య లేకుండానే తిరిగొస్తాయి.

70 అంకెల కొలబద్ద ఎలా పుట్టింది

ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న 1 నుంచి 70 దాకా ఉన్న కొలబద్దను తయారుచేసినవాడు అమెరికాకు చెందిన విలియమ్ షెల్డన్. ఆ దేశపు పాత రాగి సెంట్ల మీద 1949లో వెలువడిన తన పుస్తకంలో దీన్ని వివరించాడు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆయన దీన్ని ధర కోసమే తయారుచేశాడు. బాగా అరిగిపోయిన నాణెం విలువ 1 అనుకుంటే, చెక్కుచెదరని నాణెం దానికి 70 రెట్లు పలకాలి. గ్రేడును ఆ రకం మూల ధరతో గుణిస్తే విలువ వచ్చేస్తుంది.

ఆ లెక్క ఎక్కువ కాలం నిలవలేదు. మంచి నాణేలకు గిరాకీ పెరిగి పై గ్రేడుల ధరలు 70 రెట్లను దాటిపోయాయి. గుణకారం పోయింది, అంకెలు మిగిలాయి. 1970ల్లో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ ఆ అంకెలనే మిగతా నాణేలకూ వర్తింపజేసింది. తరువాత డీలర్లు కొందరు కలిసి పీసీజీఎస్‌ను మొదలుపెట్టారు, 1987లో ఎన్‌జీసీ వచ్చింది. నాణేన్ని పరీక్షించి, గ్రేడు ఇచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి ఇవ్వడం ఈ రెండు కంపెనీలతోనే పెద్ద వ్యాపారమైంది. ఆ డబ్బానే సేకర్తలు స్లాబ్ అంటారు.

ఈ చరిత్ర తెలిస్తే సగం గందరగోళం తీరుతుంది. 64కూ 65కూ మధ్య ఉన్నది ఒక్క అంకె తేడాయే కాబట్టి ధర కూడా కాస్తే పెరుగుతుందని అనుకోవడం సహజం. కానీ ఆ అంకెలకు ధరతో ఉన్న ముడి ఎప్పుడో తెగిపోయింది.

లేబుల్‌లో ముందు చూడాల్సింది గ్రేడు కాదు

కొత్తగా కొనేవాళ్ల కళ్లు నేరుగా గ్రేడు మీదికి వెళ్తాయి. ముందు చూడాల్సింది అది ఏ రకం నాణెమన్నది.

చార్మినార్ రూపాయినే తీసుకుందాం. చార్మినార్ ద్వారం లోపల ఒక చిన్న అరబిక్ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ నాణెమైతే ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్ నాణెమైతే ‘అయిన్’. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి రూపాయిల్లో ఆ అయిన్ పొట్టిగా, సగమే కనిపిస్తుంది. తరువాతి వాటిలో పూర్తిగా ఉంటుంది. కేటలాగులు ఈ రెంటినీ వేర్వేరు రకాలుగా లెక్కిస్తాయి. మామూలు కంటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. భూతద్దం పెట్టి ద్వారంలోకి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఒకదాని వేలం ధరను పట్టుకుని రెండోదానికి విలువ కడితే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

బ్రిటిష్ ఇండియా 1862 రూపాయిదీ ఇదే కథ. నాణెం మీద 1862 అనే వేసి 1874 వరకు ముద్రించారు. అసలు ఏ ఏడాదిలో కొట్టినదో చుక్కల అమరికను బట్టి గుర్తుపడతారు. ఆ చుక్కలను బట్టి కొన్ని మామూలు రూపాయిలు, కొన్ని అరుదైనవి. లేబుల్ మీద చుక్కల వివరం లేకుండా ఉత్త ‘1862 రూపాయి’ అని ఉంటే, నాణేన్ని చూసి రకాన్ని తేల్చుకునే పని కొనేవాళ్లదే.

చలామణీ కోసం కాకుండా ప్రత్యేకంగా, నున్నగా కొట్టే ప్రూఫ్ నాణేల్లో ఇంకో మెలిక ఉంది. కలకత్తా, బొంబాయి టంకశాలలు పాత అచ్చులతో సేకర్తల కోసం చాలా ఏళ్లపాటు నాణేలను మళ్లీ కొట్టాయి. వీటిని రీస్ట్రైక్ అంటారు. ఆ రోజుల్లో కొట్టిన అసలు ప్రూఫ్‌కు, రీస్ట్రైక్‌కు గ్రేడు ఒకటే రావచ్చు, ధర మాత్రం ఒకటి కాదు. లేబుల్ మీద ఆ ఒక్క మాట ఉందో లేదో చూడకుండా బేరం మొదలుపెట్టకూడదు.

రకం తేలాక అప్పుడు గ్రేడు. ఎమ్‌ఎస్ అంటే చలామణీలో అరగని నాణెం, దానికి 60 నుంచి 70 వరకు అంకెలు. ఏయూ అంటే కాస్త అరిగినట్టు లీలగా తెలిసేది, 50 నుంచి 58. ఎక్స్ఎఫ్, వీఎఫ్ ఆ కింది మెట్లు. పీఎఫ్ లేదా పీఆర్ అంటే ప్రూఫ్. అరగని నాణెం మీద కూడా దెబ్బలు ఉండొచ్చు. టంకశాల నుంచి సంచుల్లో పోసి పంపేటప్పుడే ఒకదానికొకటి తగిలి గాట్లు పడతాయి. రాజు చెంప మీద, బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ భాగం మీద అవి ఎక్కువగా కనిపిస్తాయి. 61కీ 65కీ ప్రధానమైన తేడా ఆ గాట్లు, మెరుపు.

ధర ఎక్కడ ఉన్నట్టుండి లేస్తుంది

ఏ వెండి నాణేనికైనా అడుగున ఒక ధర ఉంటుంది. అది కరిగిస్తే వచ్చే వెండి విలువ. 1939 వరకు కొట్టిన బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. అంటే 10.7 గ్రాముల దాకా స్వచ్ఛమైన వెండి ఉన్నట్టు. 1940లకు ముందటి చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, కాబట్టి 9.1 గ్రాములు. 1940 నుంచి కొట్టిన బ్రిటిష్ ఇండియా రూపాయిల్లో వెండి సగమే. 1947 రూపాయి పూర్తిగా నికెల్. బాగా అరిగిన మామూలు రూపాయి ధర ఈ వెండి విలువకు అటూ ఇటూగా తిరుగుతుంది. దాన్ని స్లాబ్‌లో పెట్టినంత మాత్రాన కొత్త విలువేమీ రాదు.

పైకి వెళ్లే కొద్దీ లెక్క మారుతుంది. అక్కడ పోటీ పడేవాళ్లకు కావాల్సింది ఆ రకంలో దొరికిన వాటిలోకెల్లా మంచిది. 63లో వంద నాణేలు, 65లో ఐదే ఉంటే ఆ ఐదింటి కోసం డబ్బున్న సేకర్తలందరూ ఒక్క చోట చేరతారు. అందుకే ధర గ్రేడుతో పాటు మెట్టు మెట్టుగా పెరగదు. కొంత దూరం చదునుగా సాగి, ఒక చోట గోడలా నిలువునా లేస్తుంది.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ అమెరికా శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో కొట్టిన 1884 మోర్గాన్ డాలర్. ముద్రించినవి 32 లక్షలు. అరిగినవి తేలిగ్గా, చవగ్గా దొరుకుతాయి. కానీ చాలా వరకు చలామణీలోకి వెళ్లిపోవడంతో అరగనివి దాదాపు మిగల్లేదు. దాంతో పై గ్రేడుల్లో అదే డాలర్ లక్ష డాలర్లు దాటి పలికింది. దాని ధర లేచే గోడ సరిగ్గా ఏయూకూ ఎమ్‌ఎస్‌కూ నడుమ ఉంది. వేరే నాణేనికి ఆ గోడ 64 దగ్గర ఉండొచ్చు, 66 దగ్గర ఉండొచ్చు. విలువ కట్టడంలో ముఖ్యమైన పని ఆ గోడ ఎక్కడుందో కనుక్కోవడం.

ఇంకో జాతి నాణేలున్నాయి. 1939 నాటి ఆరో జార్జి రూపాయి అలాంటిది. పాత వెండి శాతంతో కొట్టిన చివరి రూపాయి అది. ఆ వెంటనే యుద్ధకాలంలో వెండి సగానికి తగ్గించి, పాత రూపాయిలను వెనక్కి తీసుకుని కరిగించారు. మిగిలినవి చాలా తక్కువ. దానికి గ్రేడు ఎంతన్నది రెండో ప్రశ్న. ఒక మోస్తరుగా ఉన్నదానికి కూడా మంచి ధర వస్తుంది. నకిలీలు బాగా తిరిగే నాణెం కాబట్టి ఇక్కడ స్లాబ్ చేసే అసలు మేలు ‘ఇది నిజమైనదే’ అన్న భరోసా.

తక్కువ సంఖ్య కనిపిస్తే అరుదైనదేనా

ఏ రకం నాణెం ఏ గ్రేడులో ఎన్నింటికి సర్టిఫికెట్ ఇచ్చామో కంపెనీలు ప్రకటిస్తాయి. పీసీజీఎస్ దాన్ని పాపులేషన్ రిపోర్ట్ అంటుంది, ఎన్‌జీసీ సెన్సస్ అంటుంది. అమ్మేవాళ్లు ఎక్కువగా వాడుకునే అంకె ఇదే. ‘ఈ గ్రేడులో ప్రపంచం మొత్తం మీద మూడే ఉన్నాయి’ అని రాస్తారు. నిజానికి ఆ అంకె చెప్పేది ఆ కంపెనీ దగ్గరికి వచ్చిన నాణేల లెక్క మాత్రమే.

అమెరికా నాణేల్లో ఈ లెక్క ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశముంది. 64 వచ్చిన నాణేనికి 65 వస్తుందన్న ఆశతో యజమాని డబ్బా పగలగొట్టి మళ్లీ పంపుతాడు. పాత లేబుల్ వెనక్కి ఇవ్వకపోతే ఒకే నాణెం రెండు, మూడు సార్లు లెక్కలోకి ఎక్కుతుంది.

మన నాణేల్లో పరిస్థితి దీనికి తలకిందులు. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. గ్రేడింగ్ కోసం అమెరికా పంపి తెప్పించుకోవడం కూడా ఎగుమతే. అందువల్ల ఈ కంపెనీల డబ్బాల్లో కనిపించే పాత భారతీయ నాణేల్లో చాలా భాగం ఎప్పుడో విదేశాలకు చేరి అక్కడే ఉండిపోయినవి. హైదరాబాద్, వరంగల్, గుంటూరుల్లో బీరువాల్లో, లాకర్లలో ఉన్నవి ఆ లెక్కలో లేవు. ఒక చార్మినార్ రూపాయికి సెన్సస్‌లో నాలుగే కనిపించాయంటే, నాలుగే మిగిలాయనీ కావచ్చు, నాలుగే గ్రేడింగ్‌కు వెళ్లాయనీ కావచ్చు. రెండోదే ఎక్కువసార్లు నిజం. ఆ అంకెను చూసి పెద్ద ధర పెట్టినవాళ్లు, తరువాత అలాంటివే మరికొన్ని బయటికి వస్తే నష్టపోతారు.

ఈ వందేళ్ల గీత ఒక్క చోట ఆగదు. ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాడు. ఆయన తొలి రూపాయిలు ఇప్పటికే గీత దాటాయి, మిగతావి ఏటా ఒక్కొక్క సంవత్సరం చొప్పున దాటుతున్నాయి. భూమిలో దొరికిన నాణేల సంగతి వేరు. వాటికి 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది. ముందు కలెక్టరుకు తెలపాలి. ధర గురించి ఆలోచించేది ఆ తరువాతే.

నాలుగు ధరల్లో ఏది నమ్మాలి

అడిగే ధర అమ్మేవాళ్ల ఆశ మాత్రమే. దాన్నిబట్టి విలువ కట్టకూడదు. యూట్యూబ్ వీడియోల్లో ‘ఈ ఐదు రూపాయల బిళ్లకు పది లక్షలు’ అని చెప్పేవాటి కింద అమ్మకం జరిగినట్టు ఒక్క ఆధారం ఉండదు. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుని ఫీజులు వసూలు చేస్తున్న ముఠాల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక జారీ చేసింది.

ధరల పట్టికలు కొంత నయం. ఎప్పుడూ చేతులు మారే అమెరికా నాణేలకు అవి దాదాపు సరిగ్గానే ఉంటాయి. అక్కడ డీలర్లు తమలో తాము కొనుక్కునే రేట్లు చెప్పే గ్రేషీట్ 1963 నుంచి వస్తోంది. అరుదుగా చేతులు మారే నాణేల విషయంలో, ముఖ్యంగా సంస్థానాల నాణేలకు, పట్టికలోని అంకె ఏళ్ల తరబడి మారకుండా ఉండిపోతుంది. వెండి ధర పెరిగినా, సేకర్తలు పెరిగినా దానికి తెలియదు.

గట్టి ఆధారం వేలంలో జరిగిన అమ్మకం. అమెరికాలో హెరిటేజ్, స్టాక్స్ బోవర్స్ పాత ఫలితాలను ఆన్‌లైన్‌లో ఉంచుతాయి. మన దేశంలో ముంబైలో టోడీవాలా, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్, అహ్మదాబాద్‌లో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ వంటి సంస్థలు వేలాలు నడుపుతాయి. అదే రకం, అదే కంపెనీ, అదే గ్రేడు నాణెం గత రెండు మూడేళ్లలో ఎంతకు పోయిందో ఐదారు ఫలితాలు సేకరించాలి. అన్నిటికంటే పైదాన్ని పక్కన పెట్టడం మంచిది. ఇద్దరు పట్టుదలకు పోయి పాడితే ఆ అంకె వస్తుంది. అదే నాణెం మళ్లీ వచ్చేసరికి ఆ ఇద్దరిలో ఒకరు తప్పుకుని ఉంటారు. అడుగుదాన్నీ పక్కన పెట్టాలి. మిగిలినవి దగ్గర దగ్గరగా ఉంటే అదే మార్కెట్. చెల్లాచెదురుగా ఉంటే ఆ నాణేనికి స్థిరమైన ధర లేనట్టే. అలాంటప్పుడు ఒక్క అంకె చెప్పేవాళ్ల కంటే ‘ఇంత నుంచి ఇంత’ అని చెప్పేవాళ్ల మాట నమ్మాలి.

ఆ ఫలితాన్ని చదవడంలో ఒక జాగ్రత్త ఉంది. సుత్తి పడిన ధర వేరు, కొన్నవాళ్లు కట్టిన ధర వేరు, అమ్మినవాళ్లకు ముట్టింది వేరు. ఉదాహరణకు పాట 20,000 రూపాయల దగ్గర ఆగిందనుకుందాం. కొనేవాళ్ల మీద వేసే ప్రీమియం 20 శాతం, అమ్మేవాళ్ల కమీషన్ 10 శాతం అనుకుంటే, కొన్నవాళ్లు 24,000 కట్టారు, అమ్మినవాళ్లకు 18,000 వచ్చాయి. పన్నులు దీనికి అదనం. ఒకే రోజు, ఒకే నాణెం, 6,000 తేడా. కొన్ని సంస్థలు ప్రీమియం కలిపి ప్రకటిస్తాయి, కొన్ని కలపకుండా ప్రకటిస్తాయి. 2021లో న్యూయార్క్‌లో 1933 నాటి 20 డాలర్ల బంగారు నాణెం 1 కోటి 88 లక్షల 72 వేల 250 డాలర్లకు అమ్ముడైందని వచ్చిన వార్తలో అంకె ప్రీమియంతో కలిపి చెప్పింది. డీలర్ ఇచ్చేది తక్కువగా ఉండటం కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఆయన ఆ 18,000 కంటే తక్కువకు కొని, గిరాకీ వచ్చేదాకా డబ్బు ఇరికించుకుని కూర్చోవాలి.

తోమిన మెరుపు, అసలు మెరుపు

తెలుగు ఇళ్లలో వెండి రూపాయికి లక్ష్మీదేవి పక్కన చోటుంది. శ్రావణ శుక్రవారం రోజున చింతపండుతో, ముగ్గుతో తళతళలాడేలా తోమి, పసుపు కుంకుమ పెట్టి కలశం దగ్గర ఉంచుతారు. నాణేన్ని ఇంత గౌరవంగా చూసుకున్న చేతులే తెలియకుండా దాని మార్కెట్ విలువను తగ్గించేస్తాయి. ఇది చాలా కుటుంబాలకు ఆలస్యంగా తెలిసే సంగతి.

టేబుల్ లైటు కింద నాణేన్ని అంచులతో పట్టుకుని మెల్లగా వంచితే తేడా కనిపిస్తుంది. ముట్టని నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. అచ్చు దెబ్బకు లోహం అంచుల వైపు సాగినప్పుడు ఏర్పడిన సన్నని చారలవల్ల వచ్చే మెరుపు అది. తోమిన నాణెం కూడా మెరుస్తుంది, కానీ వెలుగు తిరగదు. ఒకేసారి మొత్తం తెల్లగా కొడుతుంది. దగ్గరగా చూస్తే ఒకే వైపుకు గీసుకుపోయిన సన్నని గీతలు కనిపిస్తాయి. గ్రేడర్లు వెతికేది వాటినే. అవి కనిపిస్తే లేబుల్ మీద అంకె రాదు, ‘ఏయూ డీటెయిల్స్, క్లీన్డ్’ వంటి మాట వస్తుంది. అదే స్థాయి శుభ్రమైన నాణెం కంటే దీనికి ధర బాగా తక్కువ. ఎంత తక్కువ అన్నదానికి పట్టిక లేదు, గీతలను బట్టే.

కాసుల పేరుకు గుచ్చినవాటిదీ ఇదే దారి. టంకం పెట్టి కొక్కెం వేసి, తరువాత తీసేసినా అంచు మీద మచ్చ మిగులుతుంది. అలాంటి సవరన్‌కు (బ్రిటిష్ బంగారు నాణేనికి) బంగారం విలువ ఎక్కడికీ పోదు. సేకరణ విలువ మాత్రం చాలా వరకు పోయినట్టే. అప్పుడది కాసు, అంతే. పాత వెండి రూపాయిల మీద షరాబులు పరీక్ష కోసం కొట్టిన గుర్తులను మాత్రం సేకర్తలు కొంత ఓర్పుగా చూస్తారు, ఎందుకంటే అవి ఆ నాణెం చేతులు మారిన చరిత్రలో భాగం.

డబ్బా కూడా నకిలీ కావచ్చు

నాణేలతో పాటు స్లాబులకూ నకిలీలు వచ్చాయి. నిజమైన సర్టిఫికెట్ నంబరును కాపీ కొట్టి, నకిలీ డబ్బాలో నకిలీ నాణెం పెడతారు. నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే వివరాలు సరిపోతాయి కాబట్టి చాలామంది అక్కడితో ఆగిపోతారు. వెబ్‌సైట్‌లో ఫొటో ఉంటే దాన్ని చేతిలోని నాణెంతో పోల్చాలి. గాట్లు, మచ్చలు ఉన్నచోటే ఉన్నాయా లేదా చూడాలి. గాట్లు వేలిముద్రల్లాంటివి, రెండు నాణేల మీద ఒకే తీరుగా పడవు.

నిజమైన స్లాబుల్లో కూడా ఒకే గ్రేడున్న రెండు నాణేలు ఒకే ధరకు పోవు. ఒకదాని మీద నీలం, బంగారు రంగుల పొర అందంగా పట్టి ఉంటుంది, ఇంకోదాని మీద నల్లటి మచ్చ రాజు ముఖం మీదే ఉంటుంది. అమెరికా నాణేలకు ఈ తేడా చెప్పడానికే 2007లో సీఏసీ అనే సంస్థ వచ్చింది. ఇచ్చిన గ్రేడుకు నాణెం గట్టిగా నిలబడుతుందనిపిస్తే స్లాబ్ మీద ఆకుపచ్చ స్టిక్కర్ అంటిస్తుంది. ఆ స్టిక్కర్ ఉన్నవి సాధారణంగా ఎక్కువ పలుకుతాయి. మన నాణేలకు అలాంటి రెండో సాక్షి అంతగా వాడుకలో లేదు. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సిందే.

యంత్రాలు రాకముందు నాణేలు

ఇప్పటిదాకా చెప్పిందంతా యంత్రంతో కొట్టిన నాణేలకు. మొఘలుల కాలంలో మచిలీపట్నంలో కొట్టిన రూపాయికి, విజయనగర వరహాకు ఇదే కొలబద్దను వాడుతున్నారు గానీ అది అక్కడ సగమే పనికొస్తుంది. ఆ రోజుల్లో అచ్చు పెద్దది, లోహపు బిళ్ల చిన్నది, సుత్తి దెబ్బ చేత్తో వేసేది. అచ్చులోని అక్షరాల్లో కొన్ని బిళ్ల మీద పడతాయి, మిగతావి అంచు దాటి పోతాయి. ఎమ్‌ఎస్ 62 వచ్చిన రూపాయి మీద టంకశాల పేరు అసలు పడకపోవచ్చు. వీఎఫ్ 30 వచ్చినదాని మీద టంకశాల పేరు, ఏడాది రెండూ నిండుగా ఉండొచ్చు. తెలిసినవాళ్లు ఆ రెండోదానికే ఎక్కువ పెడతారు. కృష్ణదేవరాయల వరహా మీద కూడా అంతే. కూర్చున్న బాలకృష్ణుడి ముఖం బిళ్ల మధ్యలో చక్కగా పడిందా, వెనక వైపు పేరు చదవడానికి వస్తోందా అని చూసి, ఆ తరువాతే లేబుల్ మీది అంకె వైపు చూస్తారు.